రుక్కమ్మ పండ్లు, ఇత్తడి చెంబు

గచ్చిబౌలి ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో అక్కడ రుక్కమ్మను ఎరగనివాళ్లు లేరు. అదంతా ఆమె పండ్ల చలవ. ఆమె ఈడు ముసలమ్మలు జొన్నరొట్టెను పాలలో నానబెట్టుకుంటుంటే, ఆమె ఎండు రొట్టెను పటపట కొరికేది. పొద్దున వేపపుల్ల అందరూ నమిలేదే. ఆమె గొప్పంతా తిన్న తర్వాతే ఉండేది. పచ్చిపులుసన్నం చివరి ముద్ద మింగి, చేయి కడిగీ కడగకముందే ఇటుకపొడి తీసి పండ్లు కరకర రుద్దేది. దడికి అవతలి నీలమ్మకూ అదే నేర్పింది.

కోడలు కనకలక్ష్మి మాత్రం నీళ్లు పుక్కిలించి లేచిపోయేది.

"తిన్న గిన్నె తోముతవు, తిన్న నోరు తోమవా? జర సిగ్గుండాలె!"

"నా నోరు గిన్నెనా అత్తమ్మా?"

శుభ్రత పిచ్చి పట్టినవాళ్ల చూపు ఎప్పుడూ ఎదుటివాళ్ల నోళ్ల మీదే ఉంటుంది.

పంతొమ్మిది వందల డెబ్బై మూడు ఎండాకాలంలో ఓ పూట రుక్కమ్మ కుండనీళ్లు తాగబోతే ముందరి పండ్లు జివ్వుమని, ఆ పోటు నడినెత్తికి తగిలింది. మురికి మిగిలిందనుకుని ఆమె ఇంకా గట్టిగా రుద్దింది. వానలు పడేసరికి రొట్టె కొరకలేకపోయింది. ముందరి పండ్లన్నా దక్కితే చాలనుకుని, కోడలిని వెంటబెట్టుకుని బస్సెక్కి పట్నం దవాఖానకు పోయింది.

అక్కడి పండ్ల డాక్టరమ్మ పుణ్యవతిది కోస్తా వైపు. నోరు తెరిపించి చూసింది.

"దేంతో తోముతారమ్మా?"

"ఇటుకపొడి. తిన్న ఎంటనే. పులుపు నిల్వొద్దని." రుక్కమ్మ గర్వంగానే చెప్పింది.

"అయ్యయ్యో! పులుపు తగిలితే పన్ను మెత్తబడుతుందండీ. అప్పుడే రుద్దితే పైపొర అరిగిపోతుంది. తిన్నాక నీళ్లతో పుక్కిలించి ఊరుకోండి. పొద్దున తినకముందు తోముకోండి, రాత్రి తిన్నాక చాలాసేపు ఆగి తోముకోండి. ఆ ఇటుకపొడి మాత్రం వద్దు."

"పోయింది మల్ల వస్తదా?"

"రాదండీ. ఉన్నది కాపాడుకోవాలి."

రుక్కమ్మ నమ్మలేదు. "సదువుకున్నోళ్లకు తోముడంటే బద్ధకం," అని బస్సులో దారి పొడుగునా గొణిగింది.

ఇంటికొచ్చి, కోపం తీరేదాకా తోముదామని ఇత్తడి చెంబు ముందేసుకుంది. పెళ్లిలో నాయన తన పేరు చెక్కించి పెట్టిన చెంబు అది. చింతపండు పూసింది. చిలుము మెత్తబడింది. ఇటుకపొడి వేసి రుద్దితే చెంబు తళతళలాడింది. పేరు ఉండే చోట వేలు పెట్టింది. వేలికి ఏమీ తగల్లేదు. ఇటు తిప్పింది, అటు తిప్పింది. నాయన పేరు లేదు. ఏ ఏట అరిగిపోయిందో ఏమో!

ముందు పులుపు. ఆ వెంటనే ఇటుకపొడి.

నాలుక దానంతటదే ముందరి పండ్ల మీదికి పోయింది.

"కనకలక్ష్మీ! నా నోట్ల గూడ గిదే చేస్తున్ననా ఇన్నేండ్లు!"

"డాక్టరమ్మ గదే చెప్పింది గదా అత్తమ్మా."

దడి అవతల చెంబు చప్పుడైంది. మామిడికాయ పప్పుతో తిని లేచిన నీలమ్మ అరచేతిలో ఎర్రటి పొడి. రుక్కమ్మ ఉరికింది.

"నీలమ్మా, ఆగు! నోట్ల పెట్టకు!"

"ఏందే! నువ్వే నేర్పితివి గద!"

"నేర్పిన. తప్పు నేర్పిన. పారెయ్ ముందు!"

నీలమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. రుక్కమ్మ దడి మీదుగా ఒంగి, ఏం మిగిలిందోనని ఆ నోట్లోకి తొంగిచూసింది.