రెండు రాజుల చదరంగం

ఆ రోజుల్లో నాకు వచ్చిన విద్యలు రెండే. బాగున్న వస్తువును విప్పడం, విప్పినదాన్ని బిగించలేక మంచం కింద దాచేయడం. విజయనగరంలో ఇంజనీరింగు పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఏడాది నా చేతికొక పాత గేమ్ కన్సోల్ చిక్కింది. అరచేతిలో ఇమిడే ఆటల పెట్టె (తెర ఓ మూల పగిలింది కనకే స్నేహితుడు ఊరికే ఇచ్చాడు). ఇంటర్నెట్లో ఎవరో పుణ్యాత్ములు కంప్యూటర్ కోసం రాసి, అందరూ వాడుకోండని వదిలేసిన చదరంగం ప్రోగ్రాం కనిపించింది. దాన్ని ఈ పెట్టెలోకి దింపితే ఎలా ఉంటుంది? అంతే, బుర్రలో పురుగు దూరింది.

దింపడమంటే కాపీ కొట్టడం అనుకునేరు. ఉమ్మడి కుటుంబాన్ని ఒంటిగదిలోకి మార్చడమే. పెట్టెలో మెమరీ పిసరంత. కంప్యూటర్లో ఆరెత్తులు ముందుకు చూసే ప్రోగ్రాం ఇక్కడ రెండెత్తులకే వేడెక్కి నీరసించేది. దానికి తెలిసిన విద్యల్లో ఏది పీకేస్తే ఎంత తెలివి తగ్గుతుందో చూడటం నాకు అన్నం కన్నా రుచిగా ఉండేది. చూసిచూసి మా మేనమామ కబురంపాడు.

ఆయనకు ఆమదాలవలసలో ధాన్యం కొట్టు. నాన్న లేని మా ఇంట్లో ఆయన మాటే చివరిమాట. పైగా ఆ వీధిలో చదరంగంలో ఆయన్ని ఓడించినవాడు లేడు. "ఒరే అల్లుడా, ఆ బొమ్మతోటి నన్ను ఓడించీ, నీ సిత్తమొచ్చిన పని సేసుకో. నువ్వోడిపోతే సోమారం నుంచి కొట్లోన కూసో" అన్నాడు. బస్తాల మధ్య జీవితం కళ్లముందు కనబడింది.

మొదటి ఆట సగంలోనే ఆగిపోయింది. పెట్టె తన రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదిపి కోట కట్టుకుంది. మావయ్య కళ్లజోడు తీసేశాడు.

"ఒకేపాలి రెండు పావులు కదిపీసినాదేటిరా? దొంగాట!"

"ప్రపంచమంతా ఇలాగే ఆడతారు మావయ్యా."

"పెపంచం గోల నాకేల? మనోళ్ల ఆట దానికి నేర్పి తీసుకురా."

మనవాళ్ల ఆట వేరు. కోట లేదు. బంటు ఎప్పుడూ ఒక్క గడే కదలాలి. చెక్ పడనంతవరకు రాజు ఒక్కసారి గుర్రంలా ఎగరొచ్చు. అవతలి చివరికి చేరిన బంటు, ఆ గడిలో మొదట ఏ పావు ఉండేదో ఆ పావైపోతుంది. ఈ చివరి సూత్రం నాకు తెగ నచ్చి ఒక్క వాక్యంలో రాసి పారేశాను.

రెండో ఆట కొట్లోనే. పెట్టె ఆలోచించినంతసేపూ మావయ్య బస్తాలోంచి నాలుగు వడ్లగింజలు తీసి కొరికి చూసేవాడు. మధ్యలో పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని, "లోపలేటి ఆలోసిస్తన్నాదిరా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఇంతలో పెట్టెవాడి బంటొకటి ఆయన రాజుగారి పాత గడికి చేరి, టక్కున రెండో రాజైంది. ఆ గడిలో బంటు మంత్రి కావాలని పసిపిల్లలకూ తెలుసు, నేనే రాయడం మరిచాను.

మావయ్య పెట్టె పాత రాజును చంపేశాడు. పెట్టె ఏమీ జరగనట్టు తన ఎత్తు వేసింది.

"రాజు సచ్చినా ఆట అవ్వనేదేటిరా?"

"తప్పు నాదే మావయ్యా" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తెర మీది పావులను కాసేపు తేరిపార చూసి, పెట్టె నా ఒళ్లో పడేశాడు. "ఇద్దరు రాజులున్నోడితోటి నానేటి ఆడతాను? ఓడిపోనాను. నిన్ను కొట్లోన కూసోబెడితే తూకంలోన కూడా ఇలాటి ఇసిత్రాలే సేస్తావు. ఎల్లు, ఆ పనే సేసుకో."

అలా ప్రోగ్రాములు రాసే ఈ వృత్తిలో పడ్డాను. మొన్న సొరుగు సర్దుతుంటే ఆ పెట్టె దొరికింది. ఛార్జింగు పెడితే లేచి కూర్చుంది. చివరి ఆట ఎత్తులన్నీ దాచుకునేలా ఆ రోజుల్లోనే రాశాను కదా, ఒక్కొక్కటే నడిపించి చూశాను. మావయ్య ఓడిపోయానన్న చోట ఆగిపోయాను. ఆయన గుర్రం ఒక్కసారి ఎగిరితే చాలు, రెండో రాజుకూ ఆటకట్టు! వెంటనే ఫోన్ చేశాను.

"మావయ్యా, ఆ రోజు గుర్రం ఎత్తు నీకు కనబడలేదా?"

"ఎప్పటి మాటరా అది? ముసిలోణ్ణి, నాకేటి గుర్తుంటాది?" అని దాటేయబోయాడు. తర్వాత నవ్వుతూ, "ఆ గుర్రాన్ని కదిపీసుంటే నువ్వు ఈపాటికి వడ్లగింజలు కొరుకుతుందువు" అన్నాడు.

ఉంటానని చెప్పి ఫోన్ పెట్టేశాను. మావయ్య వాళ్ల వీధి మొనగాణ్ణి నా ప్రోగ్రాం ఓడించిందని ప్రతి ఇంటర్వ్యూలోనూ ఛాతీ విరుచుకుని చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తోంది. ఆ పెట్టెలో తప్పు దిద్దడం ఇప్పుడు నాకు రెండు నిమిషాల పని. చేతులు రాక, అలాగే మళ్లీ సొరుగులో పెట్టేశాను.