పన్నెండు గంటల ఫోను

ఊళ్లో సగం తలుపులకు తాళాలక్క చెయ్యి తగిలే ఉంటుంది. పోయిన వాటికి మారు తాళంచెవులు కోయడం, ఊగులాడే గడియలు బిగించడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే బడ్డీకొట్టు, చేతిలో అదే ఆకురాయి. ఇంతమంది ఇళ్లకు తాళాలు వేయించి ఊళ్లు పంపిన మనిషి తను మాత్రం పొలిమేర దాటలేదు. కారణం మొగుడు. రెండుసార్లు కలిసి బయలుదేరారు, రెండుసార్లూ సగం దారిలోనే దిగిపోయారు. ఆ మహానుభావుడికి బస్సు హారన్ వింటేనే కడుపులో తిప్పుతుంది.

యాభై నిండిన రోజున ఆవిడ తేల్చి చెప్పేసింది.

"కొండమీద కోట ఉందట. దాని తలుపుకి మనిషంత గడియ ఉందట. అది చూడాలండీ. మీరెలాగూ రాలేరు, నేనొక్కదాన్నే పోతాను."

"ఒక్కదానివా? లాడ్జిలో గడియ సరిగా పడకపోతేనో?"

"గడియ సంగతి నాకు చెబుతున్నారా?"

వారం రోజులు ఇంట్లో ఇదే రామాయణం. చివరికి ఒప్పందం కుదిరింది. ఎనిమిదికీ, పన్నెండుకీ, ఆరుకీ ఫోను చేయాలి. ఒక్కటి తప్పినా ఇదే మొదటి ప్రయాణం, ఇదే ఆఖరిది. తాళాలక్క గుండె రాయి చేసుకుని ఒప్పుకుంది. ఏడాదికో ఊరు చొప్పున ఆమె మనసులో ఇంకా బోలెడు తలుపులున్నాయి మరి.

పట్టపగలు చేరే బస్సు ఎంచుకుంది. లాడ్జి చిరునామా రెండు కాగితాల మీద రాసి ఒకటి మొగుడికిచ్చింది, ఒకటి జాకెట్లో పెట్టుకుంది. పక్క సీటావిడ "ఒక్కరేనా?" అంటే, "మావాళ్లు అక్కడ ఎదురుచూస్తున్నారు" అని నవ్వుతూ ఓ కోత కోసేసింది. ఎనిమిది గంటల ఫోను బస్సులోంచే అయిపోయింది. పదికల్లా లాడ్జి గదిలో ఉంది.

గదిలోకి వెళ్లగానే అందరూ మంచం చూస్తారు. ఈవిడ గడియ చూసింది. గడియ దిగే రేకు పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. మొగుడి మాటే నిజమయ్యేలా ఉందే! ఆ మాట గుర్తొచ్చిందో లేదో పౌరుషం తన్నుకొచ్చింది. సంచిలోంచి స్క్రూడ్రైవరూ అగ్గిపెట్టే తీసింది. అరిగిపోయిన కంతల్లో అగ్గిపుల్లలు కుక్కి, పైనుంచి స్క్రూ బిగించింది. లాగి చూస్తే కదిలితే ఒట్టు.

తలుపు చప్పుడుకి పక్కగది అమ్మాయి తొంగిచూసింది. నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం వచ్చిందట.

"ఆంటీ, నాదీ చూస్తారా? రాత్రంతా తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి కూర్చున్నాను."

"ఆంటీ అంటే చూడను. అక్కా అను, చూస్తాను."

అమ్మాయి గది అయ్యాక ఎదురుగది సబ్బుల ఏజెంటమ్మ పిలిచింది. ఆ తర్వాత కింది అంతస్తు. గోల విని కేకలేయడానికొచ్చిన మేనేజరు, పని చూసి వెనక్కెళ్లి తాళంచెవి పోయిన తన సొరుగును కూడా మోసుకొచ్చాడు. ఇంతమంది ఆడవాళ్లు ఆ పూట నిశ్చింతగా పడుకుంటారని తలుచుకుంటే తాళాలక్కకు ఒళ్లు తెలియలేదు. గదిలోకి వచ్చి మంచంమీది ఫోను చూసేసరికి ఒంటిగంటన్నర.

తన బదులు మొగుడు కూర్చున్న కొట్టుకి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎత్తేవాళ్లు లేరు. ఇరవై రెండేళ్లలో మధ్యాహ్నం పూట ఆ కొట్టు మూసింది లేదు. పక్కనే చెప్పులు కుట్టే బాబాయికి చేసింది.

"పన్నెండుంపావుకే బస్సెక్కాడమ్మా. రెండు చేతుల్లో రెండు నిమ్మకాయలు!"

తాళాలక్క మంచంమీద కూలబడింది. చేతికందింది నోటికి అందకుండా పోయింది. పాపం, ఆ మనిషి దారిపొడుగునా ఎంత అవస్థ పడుతున్నాడో! తనకు ఇక ఏ ఊరూ లేదు, ఏ తలుపూ లేదు.

నాలుగు గంటలకు బస్టాండులో సోడా సీసా పట్టుకుని నిలబడింది. మొగుడు దిగాడు. మొహం పాలిపోలేదు సరికదా, వెలిగిపోతోంది. నిమ్మకాయలు రెండూ నలగకుండా చేతుల్లోనే ఉన్నాయి.

"ఏమే, నది చూశాను! డ్రైవరు తన వెనకే సీటిచ్చాడు. కళ్లు మూసుకోవద్దు, దూరంగా రోడ్డు చూడమన్నాడు. ఒక్కసారి కూడా తిప్పలేదే!"

"నన్ను తిట్టడానికి కదండీ వచ్చారు?"

"ఆ... అవును, తిట్టాలి. ఆగు, వంతెన సంగతి చెప్పనీ ముందు."

మర్నాడు ఇద్దరూ కోట తలుపు ముందు నిలబడ్డారు. గడియ నిజంగానే మనిషంత ఉంది. తాళాలక్క దాన్ని నిమిరింది, తట్టింది, ఆనందంతో కళ్లు తుడుచుకుంది. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీయబోతుంటే మొగుడు గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే ఏడు నువ్వెటు పోతావో పో" అన్నాడు మెట్లు దిగుతూ. "నేను మాత్రం ఆ నది పుట్టే చోటికి పోతాను. ఒక్కణ్ణే."

తాళాలక్క ఆగి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"పొండి. కానీ ఎనిమిదికీ, పన్నెండుకీ, ఆరుకీ ఫోను చేయాలి."

"ఒకటి తప్పితే?"

"వచ్చేస్తాను."