చెల్లో ముందు వేసిన తెర

ఆ రోజు నేను రెండు తప్పులు చేశాను. ఒకావిడ స్టేజి మీద చెల్లో వాయిస్తుంటే, మధ్యలో తెర వేశాను. ఎందుకు వేశానని జనం అడుగుతారేమోనని భయపడి, మైకు పట్టుకుని, కళాకారిణికి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. మొదటిది పిరికితనం. రెండోది అంతకంటే హీనం. వేసిన తెర మళ్ళీ తీయవచ్చు. మైకులో అన్న మాట మాత్రం జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామలో దిగి, ఆవిడ ఉద్యోగం మీదికి వచ్చింది.

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముందు నా మీద, తర్వాత ఆ హాల్లో ఈలలు వేసినవాళ్ళ మీద. ఆ వరస మారకూడదని అనుకుంటాను. రాస్తూ రాస్తూ ఉంటే మారిపోతూనే ఉంటుంది.

ఎనభైల మొదట్లో జగ్గయ్యపేటలో నాకు ఎరువుల దుకాణం ఉండేది. పగలు ఎరువులు, సాయంత్రాలు నాటకాలు. మా నాటక సమాజానికి కార్యదర్శినీ నేనే, దర్శకుణ్ణీ నేనే. అధ్యక్షుడు ఒక రైసుమిల్లు యజమాని. హాలు ఆయనది కాబట్టి మాటా ఆయనదే. మా ఊరి ఆడవాళ్ళెవరూ స్టేజి ఎక్కేవారు కాదు. ఆడ వేషాలకు తెనాలి నుంచో గుడివాడ నుంచో నటీమణులను పిలిపించేవాళ్ళం. వాళ్ళు ఏడవాల్సిన చోట గుండెలు బాదుకుని ఏడ్చి, హాలంతా చప్పట్లు కొట్టించుకుని, తెల్లారి బస్సుకు వెళ్ళిపోయేవారు. స్టేజి మీద ఆడమనిషి అంటే మాకు తెలిసింది అదే.

ఆవిడది ఆ దారి కాదు. నందిగామలో మిషను బడి టీచరు. తండ్రి చర్చిలో పాటలు నేర్పేవారు. మద్రాసులో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఒక విదేశీ టీచరు దగ్గర చెల్లో నేర్చుకుంది. ఆ టీచరు తన దేశం వెళ్ళిపోతూ వాయిద్యాన్ని ఈమెకే ఇచ్చి వెళ్ళింది. చెల్లో చూడనివారికి చెప్పాలంటే, అది వయొలిన్ లాంటిదే, కాకపోతే నిలబెడితే మనిషి గుండెల దాకా వస్తుంది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య ఆనించుకుని, కమానుతో అడ్డంగా లాగి వాయిస్తారు. నాదం బరువుగా, మగ గొంతుకు దగ్గరగా ఉంటుంది.

నేను మొదట విన్నది మా గుమాస్తా పెళ్ళిలో, నందిగామ చర్చిలో. పెళ్ళికూతురు రాకముందు ఆవిడ ఒక్కతే వాయించింది. ముందు పెళ్ళివారు అడ్డంగా ఉండటం వల్ల నాకు ముఖమే కనపడింది. కళ్ళు మూసుకుంది. కింది స్వరాలకు దిగినప్పుడల్లా దవడ బిగిసేది. పైకి ఎక్కేకొద్దీ కనుబొమలు దగ్గరపడి, పెదవులు ఎవరినో ఏదో అడుగుతున్నట్టు కదిలేవి. ఊపిరి తీసుకోవడం నా బెంచీ దాకా వినపడేది. చివరి వరసలో ఉన్నవాడికి కూడా నీ బాధ కనపడాలిరా అని మా నటులను తిట్టే మనిషిని నేను. ఆవిడకు ఎవరికీ ఏమీ కనపడాలని లేదు. అయినా నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. జేబురుమాలు లేక పంచె అంచుతో తుడుచుకున్నాను.

అందుకే మా సమాజం వార్షికోత్సవానికి పిలిచాను. పెద్ద ఫిడేలు వాయించే అమ్మాయి ఉందని చెబితే, చుట్టుపక్కల ఏ పరిషత్తూ అలాంటిది పెట్టలేదు గనుక వెంటనే రప్పించమన్నారు అధ్యక్షుడు.

ఆదివారం మధ్యాహ్నం చెల్లోకు పాత బొంతతో కుట్టిన గలీబు తొడిగి బస్సులో వచ్చింది. దానికీ టిక్కెట్టు తీయాలని కండక్టరు పట్టుబట్టాడట. పసిదండీ, ఒళ్ళో పెట్టుకుంటానని చెప్పి ఒప్పించానని నవ్వుతూ చెప్పింది. చేతుల్లేని కుర్చీ అడిగింది. తెచ్చి వేశాను. నేత చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదుగా జాగ్రత్తగా సర్దుకుని కూర్చుంది. చర్చిలో నాకు కనపడనిది, మోకాళ్ళు ఎడంగా పెట్టి కూర్చునే ఆ తీరు, అప్పుడు కనపడింది. ఇది మా ఊరి మగవాళ్ళ ముందు ఎలా ఉంటుందోనని భయపడ్డాను.

"పక్కకు తిరిగి వాయించలేవా అమ్మా? సైకిలు వెనకాల కూర్చున్నట్టు?" అన్నాను.

"తొక్కేది మీరేనా ఏంటండీ?" అంది.

మా కుర్రాళ్ళు నవ్వారు. నాకు కోపం వచ్చింది. బల్ల ఒకటి తెప్పించి, పైన దుప్పటి కప్పి, ఆవిడ ముందు పెట్టించాను. ఆవిడ తీగలు శ్రుతి చేసుకుంటూ ఉండిపోయింది. తెర లేచాక మాత్రం జనం చూస్తుండగానే లేచి, ఆ బల్లను ఒక పక్కకు జరిపి, వచ్చి కూర్చుని కమాను అందుకుంది. అది నా అధికారాన్ని జరిపినట్టే అనిపించింది నాకు. ఇంకా ఒక్క స్వరమూ పలకకముందే ఆవిడ మీద కక్ష పెట్టుకున్నాను.

మొదట కొంతసేపు హాలు బాగానే వింది. తర్వాత ఆవిడ పాటలోకి వెళ్ళిపోయింది. నడుము నుంచి పైకి ఒళ్ళంతా కమానుతో పాటు ఊగడం మొదలైంది. తల వెనక్కి వాలింది. ముఖం, అంతకుముందు నన్ను ఏడిపించిన అదే ముఖం, ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంటోంది. వెనక వరసల్లోంచి ఎవడో అరిచాడు.

"పూనిందిరోయ్. వేపాకు తేండి."

నవ్వులు. ఒక ఈల, దాని వెనక ఇంకొన్ని. ఆవిడ కళ్ళు తెరవలేదు. విన్నదో లేదో తెలియదు. ముందు వరసలో అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నేనున్న వైపు చూశారు. అంతే. వేయమనలేదు, ఆపమనలేదు. ఆ చూపును ఆజ్ఞగా చేసుకున్నది నేను. బల్ల జరిపిన కక్ష ఒకటి ఉండనే ఉంది. తాడు లాగాను.

తెర మూసుకున్నాక కూడా కాసేపు వాయించింది. తెరగుడ్డ ఊగి గాలి తగిలిందేమో, కళ్ళు తెరిచింది.

"ఇంకా అవలేదండీ."

"చాల్లేమ్మా, గొడవయ్యేట్టుంది."

"గొడవ చేసేవాళ్ళు అటున్నారు. నన్నెందుకు మూశారు?"

జవాబు లేనివాడు చేసే పనే చేశాను. తెర ముందుకు వెళ్ళి, కళాకారిణికి హఠాత్తుగా అస్వస్థత కలిగినందున కార్యక్రమం ముగిస్తున్నామని, ప్రేక్షక మహాశయులు మన్నించాలని, మంచి గొంతుతో చెప్పాను. వెనక్కి వచ్చేసరికి ఆవిడ గలీబు తొడుగుతోంది. తనకేం జబ్బని అడిగింది. వినపడనట్టు వెళ్ళి, గుమాస్తాను తోడిచ్చి బస్సెక్కించమన్నాను.

ఇంటికి వచ్చాక నా భార్య అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. తనూ ఆడవాళ్ళ వైపు కూర్చుని అంతా చూసింది.

"మీరు తెనాలి నుంచి తెప్పించే ఆవిడ కిందపడి దొర్లి ఏడిస్తే చప్పట్లు కొడతారుగా. ఈ పిల్ల కుర్చీలోంచి లేవను కూడా లేదు. తెరెందుకేశారు?"

అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నీకు తెలియదులే అన్నాను. తెలియనిది ఏదీ లేదు ఆమెకు.

కొన్నాళ్ళకు వీరులపాడు రైతు ఒకాయన యూరియాకు వచ్చి, నందిగామ టీచరమ్మ మా స్టేజి మీద ఫిట్సు వచ్చి పడిపోయిందటగా అని అడిగాడు. ఎవరు చెప్పారన్నాను. మైకులో చెప్పారటగా అన్నాడు. ఊగడం వాళ్ళు చూశారు, జబ్బు నేను చెప్పాను. రెండూ కలిపి ఫిట్సు చేసుకున్నారు. కాదని నేను చెప్పాలి. కాటా వైపు చూస్తూ, ఏమోనయ్యా అన్నాను. రెండు తప్పులని మొదట్లో రాశాను. ఈ "ఏమో" అన్నది మూడోది.

మిగతాది గుమాస్తా చెప్పాడు. వాడి అత్తగారిల్లు ఆవిడ వీధిలోనే. పిల్లల తల్లిదండ్రులు బడికి వెళ్ళి, ఫిట్సు వచ్చే మనిషి చేతిలో పిల్లలను ఎలా పెడతామని అడిగారు. హెడ్మాస్టరమ్మ ఆవిడను ఇంటి దగ్గరే ఉండమంది. డాక్టరు ఏమీ లేదని చెప్పినా, అది వచ్చినప్పుడు తప్ప తెలియదుగా అన్నారట. ఇలాగే సాగితే ఆ స్థానంలో ఇంకొకరిని వేసుకుంటారు. ఇంట్లో చెల్లో తీస్తే చాలు, వస్తుందేమో చూద్దామని కిటికీ దగ్గర జనం పోగవుతున్నారు.

"అద్దం ముందు కూర్చుని, మొహం కదలకుండా వాయించాలని చూస్తందండి," అన్నాడు గుమాస్తా. "కుదరట్లేదంట."

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత కోపం వచ్చేది కాదు. ముఖం కదలాలని జీవితమంతా జనానికి పాఠాలు చెప్పినవాణ్ణి. కదిలే ముఖం ఒకటి దొరికితే దాన్ని అద్దం ముందు కూర్చోబెట్టి చంపుతున్నాను. దుకాణం గుమాస్తాకు వదిలి, ఆ పూటే నందిగామ వెళ్ళాను.

తండ్రి కుర్చీ వేశారు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది. తప్పు నాదేనమ్మా, క్షమించమని అడిగాను. ఇంకా చాలా చెప్పాను, అధ్యక్షుడి చూపు గురించి కూడా. ఆ ఒక్కటి చెప్పకుండా ఉండాల్సింది.

"ఇక్కడ చెబితే ఏం లాభమండీ," అంది. "నాకు జబ్బు లేదని మా ఇంట్లో తెలుసు. మైకులో అన్నది మైకులో చెప్పండి."

కాఫీ ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

మైకులో నిజం చెప్పబోతున్నానని అధ్యక్షుడికి ముందుగా చెప్పాను. మానిపోయేదాన్ని ఎందుకు గోకుతావయ్యా అన్నారు. తన పేరు రాకూడదన్నారు. రాదన్నాను. తాడు లాగింది ఆయన కాదు కదా.

తర్వాతి నాటకం రోజు హాలు నిండింది. తెనాలి నుంచి వచ్చిన ఆవిడ రంగు వేసుకుని పక్కన సిద్ధంగా ఉంది. నేను ముందుకు వచ్చి, ఫలానా రోజు చెల్లో వాయించిన టీచరమ్మకు ఏ జబ్బూ రాలేదని, బాగా వాయిస్తుంటే తెర వేసింది నేనని, జబ్బని చెప్పిన మాట నా అబద్ధమని చెప్పాను. వెనక నుంచి ఒకడు, మరి ఆ ఊగుడేంటని అరిచాడు.

"ఆ వాయిద్యం అట్టాగే వాయిస్తారు," అన్నాను. "ఆవిడ మొహం చూసి నందిగామ చర్చిలో నేను ఏడ్చా. అందుకే పిలిచా. తెలిసే తెరేశా."

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కొందరు నవ్వారు. అధ్యక్షుడు లేచి వెళ్ళిపోయారు. ఆ నాటకంతో నా కార్యదర్శి పదవి అయిపోయింది. మర్నాడు బడికి వెళ్ళి, పిల్లలను దింపడానికి వచ్చిన తల్లిదండ్రుల ముందే హెడ్మాస్టరమ్మకు అదంతా మళ్ళీ చెప్పాను. ఆవిడను వెంటనే ఉద్యోగానికి పిలవలేదు. వేసవి సెలవుల తర్వాత పిలిచారు. ఆవిడను మళ్ళీ జగ్గయ్యపేట వచ్చి వాయించమని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

మాట మాత్రం అంత తొందరగా చావలేదు. కంచికచర్ల నుంచి వచ్చినవాడో, పక్క ఊరి రైతో, ఏడాది తర్వాత కూడా ఫిట్సు టీచరమ్మ అని ఎత్తేవాడు. అప్పుడు ఎరువు తూచడం ఆపి, చేతులు దులుపుకుని, అది అబద్ధమని, చెప్పింది నేనేనని, ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాణ్ణి. విసుగొచ్చి పక్క దుకాణానికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వెళ్ళేవాళ్ళను వెళ్ళనిచ్చి, నిలబడ్డవాళ్ళకు మిగతాది చెప్పేవాణ్ణి.