మనిషి ఎత్తు చూసి సైకిలిచ్చిన ఉస్తాద్

ఉస్తాద్ పోయాడన్న మాట నాకు మిల్లు గేటు దగ్గర తెలిసింది. పొద్దుటి షిఫ్టు భోంగా మోగింది, అందరం గుంపుగా లోపలికి పోతున్నాం. మా సాంచాల ఖాతాలో, అంటే మగ్గాల దగ్గర, పనిచేసే ఉమ్రి ఊరి మనిషి ఒకడు సైకిల్ మీద ఎదురొచ్చి, దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి చెప్పాడు.

"ఉస్తాద్ పోయిండురా. తెల్లారంగ. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండట, గంతే."

నాకు మొదట కోపం వచ్చింది. పందేనికి ఇంకా ఇరవై రోజులే ఉంది, ఈయన ఇప్పుడు పోవడమేంటి అనుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. కానీ ఆ క్షణాన నా బుర్రలోకి వచ్చింది అదే.

నాందేడ్ స్టేషన్ నుంచి మిల్లు వైపు నడిచిన ప్రతివాళ్లకీ ఆయన కిరాయి సైకిళ్ల దుకాణం తెలుసు. ముప్పై రెండు సైకిళ్లు, అన్నీ నల్లవే. ఎవరైనా వచ్చి సైకిల్ అడిగితే ఆయన ముందుగా ముఖం చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. నేను పనికోసం ఈ ఊరొచ్చిన మొదటి రోజు, అద్దె గది వెతకడానికి సైకిల్ కావాలని అక్కడికే వెళ్లాను. ముందు వరసలో మెరుస్తున్నదాని మీద చెయ్యి వేశాను.

"అది నీకు గాదు. ఆ మూలది తీస్కో."

"నాకు కొత్తది గావాలె."

"నీకు కొత్తది అక్కెర లేదు, కాలు అందేది గావాలె. పొద్దుమీకి నువ్వే చెప్తవ్."

సాయంత్రం చెప్పాను. రోజంతా తొక్కినా మోకాలు నొప్పి పుట్టలేదని.

ఆయన సొంతూరు కర్ఖేలి. ఇంట్లో తెలుగు, గిరాకీతో మరాఠీ, ట్యూబులు తెచ్చి అమ్మే మనిషితో దక్కనీ. తిట్లు మాత్రం మూడింట్లోనూ సమానంగా వచ్చేవి. పంచర్ వేశాక ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ వస్తుందేమోనని అలాగే చూస్తూ కూర్చునేవాడు. ఆ కాసేపు కలెక్టరు వచ్చి నిలబడినా పలికేవాడు కాదు. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగి, గ్లాసులో మిగిలింది పక్కన ఎవరుంటే వాళ్ల చేతిలో పెట్టేవాడు. ఆ సగం చాయ్‌లు నేను ఎన్ని తాగానో.

ఇప్పుడు పందెం సంగతి. దీన్ని కమిటీ పెట్టిందని ఈ మధ్య చాలామంది అనుకుంటున్నారు. అబద్ధం. అది ఆయన దుకాణం ముందు, ఒక కొట్లాటలో పుట్టింది. టపా పంచే ఆయన పరుగు గొప్పదన్నాడు. గోదావరిలో చేపలు పట్టే ఆయన ఈత గొప్పదన్నాడు. పాల క్యాన్లు మోసే ఆయన సైకిలే అన్నిటికంటే గొప్పదన్నాడు. గంటసేపు విన్న ఉస్తాద్‌కు విసుగొచ్చి చేతిలోని పానా కింద కొట్టాడు.

"నెత్తి తినకుండ్రి. మూడు చెయ్యుండ్రి, సూద్దాం."

అలా మొదలైంది. మిల్లు గేటు నుంచి ఘాట్ దాకా పరుగు. అక్కడ గోదావరి దాటాలి. అవతలి గట్టు మీద సైకిళ్లు ఉంటాయి, ఎక్కి వంతెన మీదుగా తిరిగి మిల్లు గేటుకు రావాలి. మొదటి ఏడు పదకొండు మంది. ఫీజు ఏమిటంటే రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ. ఒక రొట్టె నీకు, ఒకటి పక్కవాడికి. గెలిచినవాడికి కొత్త ట్యూబు ఇచ్చేవారు. దానికంటే పెద్ద బహుమానం ఇంకొకటి ఉండేది. గెలిచినవాడు చాయ్ హోటల్ బెంచీ ఎక్కి ఏదైనా మాట్లాడొచ్చు, ఎంతసేపైనా. అందరూ వినాలి. మొదటి ఏడు గెలిచిన టపా ఆయన, తన సాహెబు లేని సమయం చూసి, సాహెబును కడుపారా తిట్టాడు. ఉస్తాద్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడట.

ఇంత చేసిన ఉస్తాద్‌కు ఈత రాదు! వంతెన మీదుగా సైకిళ్లు తీసుకుపోయి అవతలి గట్టు మీద నిలబడేవాడు. అదే ఆయన జాగా.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. మరాఠీ పేపర్లో పడింది. పర్భణి నుంచి, నిజామాబాదు నుంచి రైళ్లలో దిగడం మొదలుపెట్టారు. బజారు సేట్లు కమిటీ అయ్యారు. రొట్టెలు పోయి రెండు రూపాయలు వచ్చింది. రెండు ఐదైంది. ఐదు పదిహేనై, ఆఖరికి పాతికైంది. పాతిక అంటే మాకు మూడు రోజుల మజూరీ. దాని మీద అచ్చేసిన బనీను కొనాలి, అది లేకపోతే గీత దగ్గరికి కూడా రానివ్వరు. మా మిల్లు నుంచి ఒకప్పుడు నలభై మందిమి ఉరికేవాళ్లం. ఆరుగురం మిగిలాం. ఘాట్ మీద మాత్రం మూడు వందల మంది. మనుషులు పెరిగారు గానీ మెట్లు పెరగలేదు.

నాకు ఒళ్లు మండింది. కమిటీ దగ్గరికి పోదామని ఉస్తాద్‌ను లాక్కుపోయాను. బట్టల దుకాణంలో తెల్ల గద్దె మీద కమిటీ అధ్యక్షుడు, మేం పెద్దసేటు అనే ఆయన, కూర్చుని ఉన్నాడు.

"గింత ఫీజెందుకు సేటూ? మా మిల్లోళ్లు ఎట్ల ఉరుకాలె?" అన్నాను.

"అరే బాబా, ఖర్చు గాదా? మండపం, మైకు, బ్యాండు..."

"బ్యాండు ఈతగొడ్తదా?"

ఉస్తాద్ నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "సేటూ, ఒక్క ముచ్చట చెప్పు. పందెం మండపంల ఉన్నదా, గంగల ఉన్నదా?"

"రెంటిల ఉన్నది ఉస్తాద్. సరే, నీ ముఖం చూసి పది మందికి ఫీజు మాఫీ. ఖుషీయేనా?"

"మాకు బిచ్చం వద్దు!" అని నేను లేచి బయటికొచ్చేశాను.

దారి పొడుగునా ఉస్తాద్ తిట్టాడు. "పది మంది లోపటికి పోయెటోళ్లు. తన్ని పారేస్తివి. కోపం నాగ్గూడ ఉన్నదిరా. నేను దాన్ని టైర్ల కొట్టుకోని తొక్కుత. నువ్వు నోట్లెకెళ్లి ఇడిచిపెడ్తవ్. బండి ఆడనే ఉంటది."

నేను వినలేదు. ఆ ఏడు గెలవాలని పట్టుపట్టాను. గెలిచినవాడు మాట్లాడే ఆచారం ఇంకా బతికే ఉంది, బెంచీకి బదులు మైకు వచ్చిందంతే. ఆ మైకు పట్టుకుని, మూడు వందల మంది ముందు, సేట్లను వాళ్ల మండపంలోనే కడిగెయ్యాలి. పాతిక కట్టాను. షిఫ్టుకు ముందు రోజూ గోదావరిలో పడ్డాను.

పందెం రోజు సీటీ ఊదగానే మిల్లు గేటు కదిలిపోయినట్టు ఉరికాం. ఘాట్ మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడ్డారు. నీళ్లలో చేతికి మనుషులే తగిలారు గానీ నీళ్లు తగల్లేదు. ఎవరిదో మడమ నా మూతికి తగిలి పంటి ముక్క ఊడింది. అది ఇప్పటికీ గోదావరిలోనే ఉంది. అయినా నాలుగోవాణ్ణి తేలాను. నాలుగోవాణ్ణి! సైకిల్ మీద నన్ను కొట్టేవాడు ఆ ముందరి ముగ్గురిలో లేడు.

గట్టెక్కి చూస్తే మొదటి ముగ్గురూ అక్కడే ఒకరి బనీను ఒకరు పట్టుకుని ఉన్నారు.

జరిగింది ఇది. ముందే గట్టుకు చేర్చిన సైకిళ్లలో ఏది ఎవరిదో తెలియాలని కమిటీ మనుషులు నంబరు కాగితాలు రాసి వెనక మడ్‌గార్డుల మీద అంటించారు. దేంతో అంటించారు? మైదా ఉడికించిన గంజితో. అంటించి, ఈత చూద్దామని నీళ్ల ఒడ్డుకు పోయారు. గట్టు మీద మేకలు మేస్తున్నాయి. మైదా రుచి మేకలకు తెలియదా? మేం వచ్చేసరికి ఒక్క నంబరు లేదు. ఒక మేక నోట్లో మాత్రం కాగితం కొస కనిపిస్తోంది. మూడు వందల సైకిళ్లు, అన్నీ నల్లవి. వెనక నీళ్ల నుంచి తలలు వస్తూనే ఉన్నాయి. ఎవడో ఒకటి లాగాడు, వరసంతా ధనధనా కూలింది.

ఉస్తాద్ ఒక బండ ఎక్కాడు.

"ఆగుండ్రి! ఎవ్వడు ముట్టద్దు! కాళ్లు సూపెట్టుండ్రి!"

తడి మనుషులంతా నిజంగానే ఆగి తమ కాళ్లు చూసుకున్నారు.

"ఏ పొడుగాయినా, ఆ కొసది నీకు. బుడ్డోడా, గిది నీది. నీది గాదా? రేపు మార్చుకో, ఇయ్యాల ఉరుకు!"

నాకు ఇవేవీ పట్టలేదు. నా సైకిల్ నాకు తెలుసు. హ్యాండిల్ పట్టాను, ఒక కాలు పెడల్ మీద పెట్టాను. వెనక క్యారియర్ ఎవరో పట్టుకున్నారు. చూస్తే ఉస్తాద్.

"దిగు."

"ఉస్తాద్, నేనే ముందున్న! ఇడువు!"

"తెలుసు. దిగు. నేనొక్కణ్ణి అందియ్యలేను. ఈ తొక్కులాటల ఎవడన్న సస్తడు."

"మైకు ఉస్తాద్..."

"మైకు ఏడికి పోదు. గీ సైకిల్ పట్టు, ఆ నీలం చెడ్డీ ఆయినకియ్యి."

దిగాను. ఎందుకు దిగానో ఆరోజు తెలియదు. ఇచ్చాను. ఇంకొకటి ఇచ్చాను. నా సైకిల్ ఎవడికో నేనే ఇచ్చాను. ఆయన అరుస్తున్నాడు, నేను లాగుతున్నాను, ఎక్కినవాడు ఎక్కినట్టు పోతున్నాడు. వందకో నూటయాభైకో నేనూ అరవడం మొదలుపెట్టాను. "పొట్టి కాళ్లు ఇటు! పొడుగు కాళ్లు అటు!" నిజం చెప్పాలంటే అంత హుషారు నాకు ఏ పరుగులోనూ రాలేదు. ఆ గట్టు మీద ఒక్క మనిషికి కూడా దెబ్బ తగల్లేదు.

కానీ మండపానికి వచ్చేసరికి గెలిచిన కాలేజీ కుర్రాడు మైకు పట్టుకుని, సేట్ల పేర్లు ఒక్కొక్కటీ కాగితం చూసి చదువుతూ ధన్యవాదాలు చెబుతున్నాడు. నా రక్తం మళ్లీ మరిగింది. ఉస్తాద్‌తో మాట మానేశాను. పంచరైతే ఇంకో దుకాణానికి పోయాను. రెండు నెలల తర్వాత దారిలో ఆపి, నా టైరు చేత్తో నొక్కి చూశాడు.

"ఎవడేసిండు గీ పంచర్? సున్నమేసినట్టున్నది. సిగ్గుపడ్డది సాలు, లోపటికి రా."

ట్యూబు విప్పాడు, మళ్లీ వేశాడు, నీళ్లలో ముంచి కూర్చున్నాడు. బుడగ రాలేదు. సగం చాయ్ నా చేతిలో పెట్టాడు. మళ్లీ మాటలు కలిశాయి. పందెం మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఆయన పోయిన పదో రోజు దుకాణం ముందు కూర్చున్నాం. నేను పెద్దమ్మా అని పిలిచే ఆయన భార్య లోపల గడప దగ్గర ఉంది. పెద్దసేటు వచ్చాడు. చేతులు జోడించి, నా వైపు తిరిగాడు.

"ఉస్తాద్ మాతోని ఒక మాట తీస్కున్నడు. రొట్టెలు తెచ్చెటోళ్లకు ఫీజు లేదు, బనీను లేదు. మంది యాభై యాభై లెక్కన ఇడువాలె. అట్లయితెనే అవతలి గట్టు నేను సూస్త, లేకుంటె మీరు మీ మేకలు అన్నడు. మేం సరే అంటిమి. ఇప్పుడు ఆయన లేడు. గట్టు సూసెటోడు లేకుంటె ఆ మాట గూడ లేదు."

"ఎప్పుడన్నడు?" అన్నాను.

"పోయినేడు, పందెం అయిన మర్నాడే."

ఏడాది. ఏడాదంతా కడుపులో పెట్టుకున్నాడు. గడప దగ్గర నుంచి పెద్దమ్మ అంది. "నీకు చెప్దునా అంటె, వద్దన్నడు బిడ్డా. వాడు మిల్లు గేటు కాడ డప్పు కొడ్తడు, సేట్లకు రోషమొచ్చి మాట తప్పుతరు అన్నడు. కొట్టకుందువా?"

కొట్టేవాణ్ణే. ఏడాదిగా నేను మళ్లీ ఈదుతున్నాను. ఈసారి నన్నెవడూ పట్టుకోలేడని నాకు తెలుసు. గట్టు మీద నిలబడితే ఉరకలేను. ఉరికితే రొట్టెలవాళ్లు లోపలికి రారు.

"నేను సూస్త," అన్నాను. తిట్టినట్టే వచ్చింది ఆ మాట. సేటు ఉలిక్కిపడ్డాడు కూడా.

పోయిన ఆదివారం ఆ బండ మీద నేను నిలబడ్డాను. యాభై యాభై మంది వచ్చారు. మెట్ల మీద ఎవరూ పడలేదు. ఎవరి మడమా ఎవరి మూతికీ తగల్లేదు. సైకిళ్లను సీటు ఎత్తు ప్రకారం పేర్చాను. కాళ్లు చూసి ఇచ్చాను. గొంతు పోయింది, అయినా అరిచాను. మా మిల్లువాళ్లు గుంపులు గుంపులుగా నీళ్లలోంచి లేస్తుంటే ఒక్కొక్కణ్ణి పేరు పెట్టి తిట్టి మరీ ఎక్కించాను.

అందరూ అయిపోయారనుకున్నాక ఇంకొకాయన వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, తాడిలాంటి మనిషి, ధోవతి మొలకు బిగించాడు. సర్ఖని అనే పల్లె నుంచట. రెండు రొట్టెలు తెస్తే చాలని ఎవరో సంతలో చెప్పారట. కాళ్లు చూసి, మిగిలిన దుకాణం సైకిళ్లలో అన్నిటికంటే ఎత్తైనది ఇచ్చాను. పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కు అన్నా, ఉరుకు!"

"నాకు రాదు తమ్మీ."

"ఏం రాదు?"

"గీ సైకిల్ తొక్కుడు."

"మరి పందేనికి ఎందుకొచ్చినవే?"

"ఉరుకుడు వస్తది. ఈత వస్తది. గీ మూడోది మీరు ఈడ నేర్పిస్తరేమో అనుకున్న."

ఆయన సైకిల్‌ను ఒకసారి కిందికీ పైకీ చూశాడు. రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు, దాన్ని తోసుకుంటూ ఉరకడం మొదలుపెట్టాడు. వంతెన ఎక్కాడు. అటూ ఇటూ నిలబడ్డ జనం ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఒకటే కేకలు. నేను బండ మీదే నిలబడి చూస్తున్నాను. ఖాళీ సీటుతో సైకిలు, దాని పక్కన తడి ధోవతి టపటప కొట్టుకుంటూ ఆ పొడుగాయన. వంతెన అతుకు వచ్చినప్పుడల్లా సైకిలు ఎగిరి, గంట దానంతటదే మోగుతూ పోయింది.