ముడి విప్పని కవరు

పదేళ్లు ఎక్స్‌రేలు తీశాక, టెక్కలిలోని ఒక స్కానింగ్ సెంటరులో సీటీ నేర్చుకుంటున్న రోజులవి. నేర్పే సీనియర్ నన్ను సొంత చెల్లెలిలా చూసేవాడు. బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు, అసలే పాడైన కిడ్నీలను ఇంకా దెబ్బతీయగలదు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు తక్కువ. అందుకే మొదటి రోజే నా పుస్తకంలో తన చేత్తో రాసిచ్చాడు: "కిడ్నీ రిపోర్టు కళ్లతో చూడనిదే మందు ఎక్కించకూడదు."

ఒక మధ్యాహ్నం అక్కుపల్లి నుంచి ఒకామె కడుపునొప్పితో వచ్చింది. రిపోర్టులు అడిగాను.

"కవరు నాను సూసినాను సెల్లీ, బాగానే ఉంది. మందెక్కించీ," అన్నాడు సీనియర్.

"ఓపాలి నానూ సూత్తానన్నా."

"ఏటి, నా మాట మీద నమ్మకం నేదా?"

సిగ్గేసి ఎక్కించేశాను.

స్కాన్ ముగిసి తలుపు తీస్తే, ఆమె భర్త ముడి విప్పని ప్లాస్టిక్ కవరుతో నిలబడి ఉన్నాడు. "టీ తాగొచ్చేసరికే అయిపోనాదేటి? ఈ కాయితాలెవులూ సూణ్ణేదు కదమ్మా!" అన్నాడు. విప్పి చూస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. వెంటనే డాక్టరుగారికి కబురు పెట్టాను.

డాక్టరుగారు వచ్చి, రిపోర్టు ఎవరు చూశారని అడిగారు.

"నాను సెప్పినా ఇన్నేదండి, తొందరపడిపోనాది," అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

ఆమెను ఆస్పత్రిలో ఉంచి రోజూ రక్తపరీక్షలు చేశారు. మూడో రోజు ప్రమాదం లేదన్నాకే నాకు అన్నం సయించింది. అన్న మాత్రం ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లకు సీటీ నేనే నేర్పుతున్నాను. వాళ్ల పుస్తకాల్లో మొదట ఆయన వాక్యమే రాసిస్తాను. దాని కింద నాది ఒకటి చేరుస్తాను: "చూశానని నేను చెప్పినా నమ్మకండి."