సగం ఆటకే శాలువాలు

నేను ఐదో తరగతి దాకా చదివా. నడికుడి స్టేషన్ కాడ ఆటో తోల్తా. రాయడం ఇదే మొదలు, అందుకని జరిగింది జరిగినట్టు చెప్పుకుంటా పోతా.

మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఏందని అడుగుతారు చానామంది. రైల్వే క్వార్టర్సులో ఒక బెంగాలీ ఆయన ఉండేవాడు, ఆయన నేర్పాడు కుర్రోళ్లకి. ఆయన ట్రాన్స్‌ఫరై పోయాడు, ఆట ఇక్కడే ఉండిపోయింది. నాకు ఆడటం రాదు, చూడటమే. పొద్దంతా బేరాల కోసం అరిచి అరిచి, సాయంత్రం గ్రౌండ్ గట్టు మీద కూర్చుంటే తలకాయ బరువు దిగేది. ఒక్క రోజు చూడకపోతే ఇంటికాడ ఊరికే కసురుకునేవాణ్ణి. "పోయి ఆ బంతినే చూసి రాపో" అనేది మా ఆవిడ.

గ్రౌండ్ అంటున్నా గానీ అది ఊరిది కాదు, ఒక రైతుది. నేను మావా అని పిలుస్తా, చుట్టరికం ఏం లేదు. మెరక నేల, నీళ్లు నిలవవు. పోయినేడు ఆయన మిరపకాయలు రోడ్డు పక్కన ఆరబోస్తే వాన కొట్టి సగం రంగు పోయి తాలుకాయలు అయిపోయినయ్. అందుకని ఈ ఏడు ఈ నేలలోనే ఆరబోస్తా అన్నాడు. కుర్రోళ్లు పోయి బతిమాలుకున్నారు. ఆయన మీసం దువ్వుకుంటా చానాసేపు ఆలోచించి, "సరే. టోర్నమెంట్ ఇక్కడే పెడుతున్నారు గదా. కప్పు గెలిస్తే ఊరికి పేరు, నా కాయలు యాడో చూసుకుంటా. గెలవకపోతే టార్పాలిన్లు పరుస్తా, మళ్లీ నన్ను అడగొద్దు" అన్నాడు.

ఫైనల్‌కి వచ్చాం. గురజాల వాళ్లతో. ఆ రోజు నేను బేరాలకి పోలేదు. పొద్దున టిఫిన్ కూడా దిగలేదు.

మొదటి సగంలోనే మావోళ్లు రెండు గోల్స్ కొట్టారు. డప్పులు మోగినయ్. నేను కూడా లేచి ఎగిరా.

ఇంటర్వెల్‌కి మావ మైకు తీసుకున్నాడు. ఆయనకి మాచర్లలో పెళ్లుంది, ఆట అయ్యేదాకా ఉండలేడు. అందుకని సన్మానం ఇప్పుడే చేసేద్దాం అన్నాడు. అట్ట పెట్టెలో శాలువాలు తెప్పించి ఒక్కొక్కణ్ణి పిలిచి కప్పాడు, దండలు ఏశాడు, బొట్లు పెట్టాడు. "ఈ నేల ఇంక మీదేరా" అన్నాడు మైకులో. ఈలలు. గురజాల వాళ్లు పక్కన కూర్చుని నీళ్లు తాగుతా చూస్తున్నారు. నాకు అది చూస్తేనే భయమేసింది.

మావ కారెక్కి పోయాక కెప్టెన్ దగ్గరికి పోయా. బండల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు ఆ అబ్బాయి, మంచోడే. శాలువాతో సెల్ఫీ దిగుతున్నాడు.

"ఒరేయ్, ఇంకా సగం ఉందిరా."

"బాబాయ్, ముందు నువ్వు పోయి బీపీ చూపించుకో."

"వాళ్ల మొగాలు చూడరా ఒకసారి."

"చూశాంలే. ఏడుపు మొగాలు." పక్కనున్నోళ్లంతా నవ్వారు. "బాబాయ్‌కి కూడా ఒక శాలువా కప్పండ్రా, వణికిపోతున్నాడు."

రెండో సగం మొదలైంది. బొట్లు చెమటకి కారి ముక్కు మీదికి వస్తున్నయ్. పరిగెత్తేవాడు లేడు. బంతి వీడు వాడికి, వాడు వీడికి, అక్కడక్కడే తంతున్నారు. ఎనక కాసేవాళ్లిద్దరూ కబుర్లు. కీపర్‌కి ఏం తోచలేదేమో, గోల్ వదిలిపెట్టి సగం గ్రౌండ్ దాకా వచ్చి నిలబడ్డాడు. నేను గట్టు మీంచి "ఎనక్కి పో" అని గొంతు పోయేలా అరుస్తున్నా. చెయ్యి ఊపాడు నాకు. అప్పుడే గురజాలోడు దూరం నుంచి ఎత్తి తన్నాడు. బంతి కీపర్ నెత్తి మీదుగా పోయి ఒక గెంతు గెంతి లోపల పడింది.

అప్పటికీ నవ్వుకుంటానే ఉన్నారు. ఒకటే గదా అని.

తర్వాత మా కెప్టెన్‌కి ఖాళీ గోల్ దొరికింది. మామూలుగా తంతే అయిపోయేది. మడమతో ఎనక్కి తిరిగి కొట్టాలని చూశాడు, అందరూ ఫోన్లు పట్టుకున్నారని. జారి పడ్డాడు. వాళ్లు ఆ బంతే తీసుకుని అటు చివరిదాకా ఉరికి గోల్ కొట్టారు. రెండూ రెండూ. డప్పు ఆగింది. అప్పుడు మావోళ్లు పరిగెత్తడం మొదలుపెట్టారు గానీ కాళ్లు మాట వినట్లా, ఒకణ్ణొకడు తిట్టుకుంటున్నారు. నేను చేతి గడియారం వైపు చూడకూడదు అనుకుంటానే చూస్తున్నా. చివర్లో మూడోది పడింది. నేను అది చూళ్లేదు, కళ్లు మూసుకున్నా. గురజాలోళ్ల అరుపుల్ని బట్టి తెలిసింది.

ఇంటికి పోతుంటే మావ ఫోన్ చేశాడు. కుర్రోళ్లంతా ఫోన్లు ఆపేసినట్టున్నారు, అందుకే నాకు వచ్చింది. ఎనక పెళ్లి బ్యాండు మోగుతుంది.

"కప్పు ఎంత ఉందిరా, పెద్దదేనా?"

"మావా, పోయింది."

"ఏంది పోయింది?"

"మ్యాచే. మూడు కొట్టారు వాళ్లు."

"ఇప్పుడే గదరా శాలువాలు కప్పి వచ్చింది" అన్నాడు.

"అదే మావా" అన్నా.

మూడు నాలుగు రోజులు ఏ ట్రాక్టర్ చప్పుడు విన్నా మావ కాయలేమోనని లేచి చూసేవాణ్ణి. ఆఖరికి కాయల ట్రాక్టర్లు గ్రౌండ్‌లోకి రానే వచ్చినయ్. కెప్టెన్ నన్ను తోడు తీసుకుని మావ దగ్గరికి పోయాడు, ఒక్కడే పోడానికి మొగం చెల్లలేదు.

"మైకులో చెప్పారు గదా తాతా, ఈ నేల ఇంక మాదేనని" అన్నాడు నేల చూపులు చూస్తా.

"గెలిచారనుకుని అన్నాన్రా. మీరు కూడా గెలిచామనే గదా అనుకుంది. ఇప్పుడు నా కాయలు ఆరొద్దా?"

ఇంక నేనే అడిగా, "కాయలు ఎత్తినాకన్నా ఆడుకోనిస్తావా మావా?"

"అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఏదో ఒకటి తేలిపోయేది.

ట్రాక్టర్ తిరగడానికి ఒక గోల్ కర్ర స్తంభం పీకి గట్టు పక్కన పడేశారు. మావ దాన్ని తీసుకుపోయి పందిరికి వాడుకోవచ్చు, పొయ్యిలో పెట్టుకోవచ్చు. అది అక్కడే ఉందంటే మళ్లీ పాతుతాడేమోనని నా ఆశ. రోజూ అటుగా పోయినప్పుడు ఆటో ఆపి, మిరపకాయల ఘాటుకి దగ్గుకుంటా ఉందో లేదో చూసుకుంటున్నా. నిన్న ఉంది. ఇయాళ బేరం దాచేపల్లి వైపు పడింది, ఇంకా చూళ్లేదు.