చక్రాల బూట్లపై నా నాలుగో స్థానం

తొమ్మిదో తరగతిలో హుజూర్‌నగర్ నుంచి హైదరాబాద్‌లో జరిగే రాష్ట్రస్థాయి స్కేటింగ్ పోటీలకు వెళ్లాను. చక్రాల బూట్లతో పాటకు తగ్గట్టు నాట్యంలా చేయాలి. చిన్నప్పటి నుంచే నాకు కీళ్లవాతం. ఆ ఉదయం వేళ్లు వంగకపోతే బూట్ల లేసులు నాయినే కట్టాడు. పేరు పిలిచినా కుర్చీలోంచి లేవలేకపోయాను. నాయిన పట్టుకుని లేపాడు.

"నడవనీకే రాదు, గీ పిల్లేం ఆడ్తది?" అంది వెనక ఒకామె.

"జర చూడమ్మా" అన్నాడు నాయిన.

సిగ్గుతో నాకు కన్నీళ్లు ఆగలేదు. కానీ చక్రాలు కదలగానే ఒళ్లు తేలికైంది. చివరి గెంతు వదిలేయమని కోచ్ చెప్పినా నేను వదల్లేదు. గాల్లో తిరిగి ఒంటికాలిపై దిగాను. మోకాలు భగ్గుమంది గాని, పడలేదు.

నాకు నాలుగో స్థానం వచ్చింది. తర్వాత పతకాలూ గెలిచాను. అయినా ఇప్పటికీ నేను గర్వంగా చెప్పుకునేది పతకం లేని ఆ రోజు గురించే.